చెయ్యి ఆరేదాకా

చేతులు కడుక్కున్నాక నేను తువ్వాలు వెతకను. కిటికీ దగ్గరికి పోయి నిలబడతాను. వంటింట్లో కూడా అంతే. నీళ్లు మోచేతుల దాకా జారి గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతుంటే మా ఇంటాయన వెనకనుంచి, మహాతల్లి చేతులు ఆరబోసుకుంటాంది అని ఎత్తిపొడుస్తాడు. అననీ. అన్నేళ్లు ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, ఆ మాత్రం మాట పడలేనా.

మొన్న మా అక్క కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. అది కూడా నర్సే, నేను చేసినదానికంటే చాలా పెద్ద ఆసుపత్రిలో. ఫోను తీసి ఏదో చూపించింది. వాళ్ల దగ్గర నర్సులు అలిసిపోయి, విసిగిపోయి ఉద్యోగాలు మానేస్తున్నారట. అందుకని డ్యూటీ ఎక్కేముందు కాసేపు కళ్లు మూసుకుని ఊపిరిని గమనించడం నేర్పిస్తున్నారట. "మీ కాలంలో ఇట్లాంటివి యాడుండె చిన్నమ్మా" అంది జాలిగా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకు లేదు? ఉండేది. ఫోనులో కాదు, తెల్లచీర కట్టుకుని, మోకాళ్ల నొప్పితో కొంచెం పక్కకు ఒరిగి వార్డులో నడిచేది.

ఆమె పేరు చెప్పను. చెబితే ఆమె ఒప్పుకోదు. పోయినవాళ్లు ఒప్పుకోవడమేమిటి అంటారేమో, ఆమె సంగతి మీకు తెలియదు. మేమంతా పెద్దక్క అనేవాళ్లం.

తొంభైల చివర్లో నేను ఆ ఆసుపత్రిలో చేరాను. కదిరి నుంచి బస్సెక్కితే గంటలోపే, రాళ్ల గుట్టల మధ్య ఉండేది. వార్డు చివర చేతులు కడుక్కునే తొట్టి, దాని పక్కన పడమటి కిటికీ. కిటికీలోంచి చూస్తే ఒక కానుగ చెట్టు, దాని అవతల ఏమీ పండని ఎర్రనేల, ఆ వెనక గుట్టలు. గుట్టల మీద గాలిమరలు అప్పుడే కొత్తగా వచ్చాయి. మధ్యాహ్నపు ఎండలో ఆ గుట్టలు నేలకు ఆనకుండా తేలుతున్నట్టు కనిపించేవి. మరల రెక్కలు తిరుగుతున్నాయా, నిలబడి ఉన్నాయా అని చూస్తూ చూస్తూ ఉంటే కళ్లు బరువెక్కి, వార్డులో మూలుగులు, మంచాల చప్పుడు అన్నీ ఎక్కడో పక్క ఊళ్లో జరుగుతున్నట్టుండేది. నాకిప్పటికీ కలలో ఆ కిటికీ వస్తుంది. కలలో కూడా అక్కడ మధ్యాహ్నమే.

ఆ కిటికీ పెద్దక్కది. ఒక మంచం దగ్గర పని కాగానే తొట్టి దగ్గరికి వచ్చేది. కొళాయిలో నీళ్లు వచ్చే రోజు ఒకటుంటే రాని రోజులు మూడు. ట్యాంకరు నీళ్లు బకెట్లో పట్టి పెట్టేవాళ్లం. ఒక్క చెంబుతో రెండు చేతులూ కడుక్కుని, వాటిని ముందుకు చాపి, కిటికీకి ఎదురుగా నిలబడేది. పక్కనే కొక్కేనికి తువ్వాలు వేలాడుతున్నా ముట్టేది కాదు. అడిగితే, ఆ తువ్వాలుకు అందరి రోగాలూ తెలుసు, నాకొద్దు అనేది. చేతులు ఆరాకనే ఇంకో మంచం. డాక్టరు అవతలి గదిలోంచి పిలిస్తే మేమే జవాబు చెప్పేవాళ్లం, చేతులు ఆరబోసుకుంటాంది సార్ అని. ఆయన కూడా అలవాటు పడి ఎదురు చూసేవాడు. మరీ ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఆమె నిలబడేది కాదు, ఉరికేది. ఆ మోకాళ్లతో అంత వేగంగా ఎట్లా ఉరికేదో! అప్పుడు కూడా మంచం పక్కన ఒక్క ఊపిరి పీల్చి వదిలి, ఆ తర్వాతే చెయ్యి వేసేది.

ఒకసారి నేను, ఎంతసేపు పడుతుందక్కా ఆరేదానికి, అని వెటకారంగా అడిగాను. ఆమె వెటకారాన్ని పట్టించుకోకుండా లెక్క చెప్పింది. ఎండాకాలం ఆరు ఊపిర్లు. చలికాలం పది, పన్నెండు. "వాన పడితే ఎంతో నాకు తెలీదు పాపా. పడినప్పుడు గదా" అంది.

మంచాలకు నంబర్లున్నా ఆమె నోట నంబరు వచ్చేది కాదు. కుందుర్పాయన, లేపాక్షవ్వ, అట్లా ఊళ్లతోనే పిలిచేది. చేతిగడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకునేది. సూది చూసి ఏడ్చే పిల్లలకు నొప్పి కాదులే అని ఎప్పుడూ చెప్పలేదు. నొప్పే, రెండు లెక్కపెట్టేలోపల పోతాది, అని చెప్పి వేసేది. పిల్లలు ఏడుస్తూనే రెండు లెక్కపెట్టేవాళ్లు. మధ్యాహ్నం సంగటి ముద్ద తినేటప్పుడు ఎవరైనా పలకరిస్తే ఒక వేలు పైకెత్తేది, అంతే, ముద్ద అయ్యేదాకా మాట లేదు. కొందరు ఆమెను యోగిని అని ఆటపట్టించేవాళ్లు. యోగమా, నాకు మోకాళ్లు వంగవమ్మా, అని కొట్టిపారేసేది. ధ్యానం అనే మాట ఆమె నోట నేను వినలేదు.

రెండువేలు దాటాక వరసగా చెనక్కాయ, అంటే వేరుశనగ, పంట ఎండిపోయిన ఏళ్లు వచ్చాయి. పురుగుమందు తాగిన రైతులను ఆటోల్లో, జీపుల్లో మా దగ్గరికి తెచ్చేవాళ్లు. పావుగంటకోసారి కళ్లలోకి టార్చి వేసి చూడాలి, నాడి చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, చార్టులో రాయాలి. కొందరు బతికేవాళ్లు, కొందరు పోయేవాళ్లు. మంచం ఖాళీ అయితే దుప్పటి మార్చేవాళ్లం, అంతలో ఇంకొకరు వచ్చేవాళ్లు. అట్లా చేసీ చేసీ నాలో ఏదో గట్టిపడిపోయింది. ఏడుపు రాదు. నిద్ర లేచేసరికే అలుపు. ఇంటికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంటే ఎవరు పలకరించినా పలకబుద్ధి కాదు. రాజీనామా కాగితం రాసి, తేదీ మాత్రం వేయకుండా, మడిచి బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. మా నాయన కూడా కుందుర్పి దగ్గర చెనక్కాయ రైతే. స్ట్రెచర్ మీద ఎవరిని తెచ్చినా నేను మొదట పాదాలు చూసేదాన్ని. అవి మా నాయన పాదాలు కావని తెలిశాకే మొహం చూసేదాన్ని.

మా అలుపు ఎవరు కనిపెట్టారో, ఒకరోజు బెంగళూరు నుంచి ఒకాయన మాకు ధ్యానం నేర్పడానికి వచ్చాడు. తెల్ల లాల్చీ, మెత్తటి గొంతు. హాల్లో జంపఖానా పరిచి పన్నెండుమందిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని టేపురికార్డరు పెట్టాడు. పిల్లనగ్రోవి, దాని వెనక సెలయేరు పారుతున్న చప్పుడు. మనసును ఆ నీళ్లతో పాటు వదిలేయండి అంటున్నాడు. ఎవరో లేచిన అలికిడి. కళ్లు తెరిచి చూస్తే పెద్దక్క బయటికి పోతోంది. కాసేపటికి తిరిగొచ్చింది. ఏమైందమ్మా అని ఆయన అడిగాడు.

"యాడో నీళ్లు పోతాండాయి సార్. కొళాయి కట్టేసేదానికి పోయినా. ఆడ కట్టేసే ఉండాది" అంది, ఇంకా చెవి రిక్కించి.

హాలంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వాడు. మంచి మనిషి, ఆ టేపు ఆపేశాడు. ఏమీ వద్దు, ఒక్క నిమిషం మీ ఊపిరిని గమనించండి, చాలు, అని తాను కళ్లు మూసుకున్నాడు. మేము పన్నెండుమందిమీ గడియారాలు చూసుకున్నాం. నిమిషం అయ్యాక, ఏం గమనించారో ఒక్కొక్కరే చెప్పండి అన్నాడు. మొదటి అమ్మాయి పదహారు సార్ అంది. రెండో ఆమె పద్దెనిమిది. మూడో ఆమె పదిహేడు, మధ్యలో దగ్గొచ్చింది సార్, అంది. పాపం, ఆయనకు అర్థం కాలేదు. ఊపిరిని గమనించడమంటే మాకు తెలిసింది అదొక్కటే, నిమిషానికి ఎన్నో లెక్కపెట్టి చార్టులో రాయడం. నా వంతు వచ్చింది. ఇరవై ఆరు అన్నాను. మళ్లీ అందరూ నవ్వారు.

ఆయన మాత్రం ఈసారి నవ్వలేదు. ఇన్నేళ్లలో మీది మీరు లెక్కపెట్టుకోవడం ఇదే మొదటిసారా అని అడిగాడు. పెద్దక్క తల తిప్పి నన్ను చూస్తోంది. రోగి చార్టును చూసేటప్పటి చూపు అది. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, ఇరవై ఆరా పాపా, కూర్చోని ఉండంగానే? అని అడిగింది. తప్పు లెక్కపెట్టుంటానులే అక్కా అని తప్పించుకున్నాను.

పదిరోజులు అయిందో లేదో, ఒక పొద్దున జీపులో ఒకాయనను తెచ్చారు. అలవాటుగా పాదాలు చూశాను. నల్లగా, వెడల్పుగా, మడమల దాకా పగిలిన పాదాలు. మా నాయనే అనుకున్నాను. కాదు. మొహం చూస్తే నలభై దాటని మనిషి. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. కోపం లేచింది. మధ్యాహ్నం దాకా ఆ కోపంతోనే పనిచేశాను. ఆయన భార్య మంచం పక్కన కింద కూర్చుని, ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుని, నేను దగ్గరికి పోయినప్పుడల్లా బతుకుతాడా అమ్మా అని అడుగుతోంది. చివరికి ఆయన తేరుకున్నాడు. కళ్లు తెరిచి నీళ్లు అడిగాడు. అప్పుడు నేను అరిచాను.

"సచ్చేదానికి అంత తొందరేమప్పా నీకు? పెండ్లాం బిడ్డలు కనపడలేదా? మాకేం పని లేదనుకుంటివా?"

నా చెయ్యి పైకి లేచి ఉంది, ఎందుకు లేచిందో నాకు తెలియదు. ఆ భార్య నేను కొడతాననుకుని లేచి ఆయన మీద అడ్డంగా వాలిపోయింది. ఆమె అట్లా వాలిపోవడం చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు. అదే నన్ను భయపెట్టింది. బ్యాగులోని కాగితం గుర్తొచ్చింది. ఇవాళ తేదీ వేసి ఇచ్చేద్దాం అనుకున్నాను.

పెద్దక్క వచ్చింది. తిట్టలేదు. లేచిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. తానే చెంబు ఎత్తి నీళ్లు పోసింది. తువ్వాలు ఇయ్యక్కా అన్నాను. ఆరనీ అంది. ఇద్దరం కిటికీ ముందు పక్కపక్కనే చేతులు చాపుకుని నిలబడ్డాం.

"ఎంత?" అంది కాసేపటికి. ఆమె చేతి గడియారంలోనే చూసి నా ఊపిరి లెక్కపెట్టాను. ముప్పై అని చెప్పాను. "నాది పదహారు. నా పక్కనే నిలబడు" అంది.

బయట వేడిగాలి. కానుగ ఆకులు ఒకసారి కదిలి ఆగేవి. దూరాన మరలు తిరుగుతున్నాయి, చాలా నెమ్మదిగా, ఎవరికీ ఏ పనీ లేనట్టు. చేతి మీద తడి ఆరడాన్ని నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. చేతి వెనకవైపు ముందు ఆరుతుంది. తర్వాత అరచెయ్యి. వేళ్ల సందుల్లో చల్లదనం చివరిదాకా ఉంటుంది. అది కూడా పోయేటప్పుడు చెయ్యి తేలికవుతుంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నిద్ర కాదు, మెలకువా కాదు. పెద్దక్క గొంతు పక్కనుంచి కాక ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది.

"నేను కొత్తల్లో, నీ వయసప్పుడు, నాలుగేండ్ల ఆడబిడ్డను తెచ్చినారు పాపా. ఉరుక్కుంటా పోయి చెయ్యి పట్టుకున్నా. నాడి కొట్టుకుంటాంది. ఉండాదమ్మా, నీ బిడ్డ ఉండాది అని వాళ్లమ్మకు చెప్పినా. ఆయమ్మ నవ్వింది. నా రెండు చేతులూ పట్టుకోని కళ్లకద్దుకునింది. డాక్టరు వచ్చి చూసి, ఎప్పుడో పోయింది గదా అనె."

చేతులు తిప్పి అరచేతులు గాలికి పెట్టింది.

"నా వేలి కింద కొట్టుకునింది నాది. ఉరికొచ్చిన నా గుండె. దాన్ని తీసి ఆ బిడ్డ చేతిలో పెట్టినా. ఆయమ్మ నవ్వు ఇప్పటికీ కనపడతాది నాకు. అప్పటి నుంచి నాది నెమ్మదించేదాకా ఎవర్నీ ముట్టుకోను. తువ్వాలు మాట మీకు చెప్పేదానికి, అంతే."

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు అరిచినావే, ఆ కోపం ఆయప్పదేనా? చూసుకో. ఎవరిదో తెచ్చి ఆయప్ప నెత్తిన పెట్టినావు."

మా నాయన కూడా చెనక్కాయే పెడతాడక్కా, అన్నాను. అంతే, ఏడుపు వచ్చేసింది. ఏడాది తర్వాత ఏడుపు. పాదాల సంగతి కూడా చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. భుజం తట్టలేదు. నేను కొంగుతో కళ్లు తుడుచుకోబోతే మాత్రం, ఏడువు గానీ కళ్లకు చేతులు ముట్టించుకోవద్దు, మళ్లీ కడగాల్సొస్తాది, నీళ్లు లేవు, అంది. ఏడుస్తూనే నవ్వాను.

ఆరిన చేతులతో ఆ భార్య దగ్గరికి పోయి, తప్పయిందమ్మా అన్నాను. "ఏం కాదులేమ్మా. నేను గూడా తిట్టల్లనే అనుకుంటాంటి, నాకు నోరు రాలేదు" అంది ఆమె. నాలుగో రోజు ఆయన ఇంటికి పోయాడు. పోయేటప్పుడు నా మొహం చూడలేదు. చూడకపోతే పోనీ, తన పాదాలతో తాను నడిచిపోయాడు.

ఆ ఆదివారం మా ఊరు పోయాను. చేను గట్టున నాయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, నాయనకు గూడా చార్టు రాస్తావా పాపా అని నవ్వాడు. అడగలేక అడగలేక అడిగేశాను, నువ్వట్లాంటి పని చేయవు కదా నాయనా అని. లేచి ఇంటికి పోయి, అటక మీది పురుగుమందు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, నువ్వే తీసుకపో అన్నాడు. అటక మీద ఆ డబ్బా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

దాంతో అంతా బాగైపోయిందని చెప్పను. చేతులు ఆరబెట్టుకుంటే వానలు పడవు. వార్డులోకి మనుషులు వస్తూనే ఉన్నారు, నేను పాదాలు చూస్తూనే ఉన్నాను. కానీ రోజుకు ఎన్నో సార్లు కిటికీ దగ్గర నిలబడి, నాది ఎంత, ఇది ఎవరిది అని చూసుకునేదాన్ని. మెల్లగా ఒకరొకరే మిగతావాళ్లు కూడా నా పక్కన నిలబడడం మొదలుపెట్టారు. కొక్కేనికున్న తువ్వాలు ఎప్పుడు మాయమైందో ఎవరికీ గుర్తులేదు. రాజీనామా కాగితం బ్యాగులోనే మడతల దగ్గర చిరిగిపోయి, ఏ చెత్తలో కలిసిందో.

పెద్దక్క రిటైరైన రోజు దండలు వద్దంది. చివరి మంచం దగ్గర పని ముగించి, చేతులు కడుక్కుని, ఆరేదాకా నిలబడి, బస్సుకు పోయింది.

కొన్నేళ్ల తర్వాత, ఆ దశాబ్దం ఆఖర్లో, వానలు బాగా పడిన ఒక ఏడు ఆమె కూతురు ఆమెను మా ఆసుపత్రికే తెచ్చింది. గుండె బలహీనపడిపోయింది. పడమటి కిటికీ పక్క మంచమే కావాలంది. గుండె ఆగితే మళ్లీ గుద్ది లేపొద్దని డాక్టరుకు తానే చెప్పి పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం నేను బస్సు దిగి వానలో తడుస్తూ వార్డులోకి పరిగెత్తాను. గబగబా చేతులు కడుక్కుని ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"తడి చెయ్యి" అంది, కళ్లు తెరవకుండా.

సిగ్గేసింది. కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. గుట్టలు లేవు, మరలు లేవు, అంతా తెల్లగా వాన. చేతులు ఎంతకీ ఆరవు. వాన పడితే ఎన్ని ఊపిర్లో ఆమెకు తెలియని లెక్క ఆ రోజు నేను లెక్కపెట్టాను. నలభై మూడు. తిరిగొచ్చి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను. సన్నగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఉండాదా?" అంది.

"ఉండాదక్కా."

"నీదేమో చూసుకో" అంది. పెదవి చివర చిన్న నవ్వు. నలభై మూడక్కా, అని చెప్పాను. విన్నదో లేదో.

గంట తర్వాత నేను వార్డు ఆ చివర ఉండగా కూతురు పిలిచింది, అమ్మ పలకడం లేదు అని. ఉరికాను. ఎట్లా ఉరికానో నాకే తెలియదు. మణికట్టు పట్టుకున్నాను. కొట్టుకుంటోంది. గట్టిగా, స్పష్టంగా, నా మూడు వేళ్ల కిందా కొట్టుకుంటోంది. కూతురు నా మొహంలోకి చూస్తోంది. ఉండాది అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది.

చెప్పలేదు. ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టాను. తొట్టి దగ్గరికి పోయి, చేతులు కడుక్కుని, కిటికీ ముందు నిలబడ్డాను. కూతురు ఏమీ అడగలేదు, ఆమె బిడ్డ కదా, తెలుసు. వాన తగ్గుతోంది. చేతి వెనకవైపు ఆరింది. అరచెయ్యి ఆరింది. వేళ్ల సందుల్లో తడి పోయేదాకా ఉన్నాను. ఏడుస్తూనే ఉన్నాను, చేతులు మాత్రం ముట్టించుకోలేదు.

తిరిగొచ్చి పొడి వేళ్లు ఆమె మణికట్టు మీద పెట్టాను. ఏమీ లేదు. నాది నా ఛాతీలో, నా చోట, నెమ్మదిగా కొట్టుకుంటోంది.

"అమ్మ పోయింది చెల్లీ" అని చెప్పాను.